క-భాష తాళంచెవి

కోదాడలో కమలాబాయి చాయ్ కొట్టు ముందు లారీ డ్రైవర్ సత్తయ్య కూర్చున్నాడంటే, చాయ్ చల్లారుతుంది గాని అతని మాట చల్లారదు.

"మా దీవెన పూణెల నెట్‌వర్క్ సెక్యూరిటీ సదువుతున్నది గద, గండ్ల క్రిప్టోగ్రఫీ అని ఒకటి ఉంటది. మాటను ఎవలకు తెల్వకుండ దాసుడు. గది దానికి నేర్పింది నేనే. నవ్వకు ఈదయ్యా, అనంతగిరి బళ్ల మనం క-భాష మాట్లాడలేదా? ప్రతి అక్షరం ముందర క పెట్టుడు. రారా అనాలంటే కరాకరా. సారు ముంగటనే సారును తిట్టేటోళ్లం, ఆయన తలూపుకుంట పాఠం చెప్పేటోడు."

"సారుకు అర్థమైంది. బెత్తం దెబ్బలు నేను తిన్న," అన్నాడు ఈదయ్య.

"నువ్వు గట్టిగ మాట్లాడినవ్ మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దీవెన చిన్నగున్నప్పుడు లారీల నా పక్కన కూసోని, మిర్యాలగూడ మిల్లు వచ్చేదాక క-భాషే. వాళ్లమ్మకు తెల్వకుండ పుల్లైసు గండ్లనే అడిగేది. నిద్రల గూడ గా భాషనే కలవరించేది." సత్తయ్య గ్లాసు పక్కకు జరిపాడు. "ఇప్పుడు గా సీటుల టిఫిన్ డబ్బా పెట్టుకుంటున్న."

"పూణెల సంగతి చెప్పన్నా," అంది కమలాబాయి.

"ఇప్పుడు మన పిల్లల గొంతుతోనే ఫోన్ చేసి మోసం చేస్తున్నరంట. నాకు అదే పరేషాన్. అందుకని దీవెన అన్నది, 'నాయినా, కొత్త నంబర్ నుంచి చేస్తే మన గుర్తుమాట అడుగు. పద్ధతి లోకానికంత తెలిసినా పరవలేదు, తాళంచెవి ఒక్కటి ఎవలకు తెల్వొద్దు' అని. నేనొక గుర్తుమాట పెట్టిన. వాళ్ల కాలేజీల పెద్ద కంప్యూటర్ దాన్ని ఇప్పలేక మూడు దినాలు కొట్టుకున్నది, పొగలొచ్చినయ్. ఇగ నా లారీ మీదనే ఏసుకొని సాగర్ డ్యాముకు తెచ్చిన. ఇరవై ఆరు గేట్లు ఎత్తితే గాని సల్లారలే. పెద్దవూర దాక ఆవిరి, ఊరోళ్లు దాని మీదనే ఇడ్లీలు ఉడికించుకున్నరు. ఏం మాట అనుకున్నరు? కబూకరె. దీవెన సాదుకున్న మేకపిల్ల పేరు, బూరె."

అంతలో ఫోన్ మోగింది. తెలియని నంబర్. సత్తయ్య అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"నాయినా, నేను. నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది, ఇది మా రూమ్మేట్‌ది."

"ముందుగాల గుర్తుమాట చెప్పు."

దీవెన నోరు తెరవకముందే నాలుగు బల్లల మీద నుంచి ఒక్కసారే వినిపించింది. "కబూకరె."



"మళ్ల చెప్పినవా? ఈ నెలల ఇది ఐదోది నాయినా. సరే, రేపు చేస్త, కొత్తది పెట్టుకుందాం. పక్కన ఎవలు లేకుండ చూసుకో." ఫోన్ పెట్టేసింది.

"అంత పెద్ద కంప్యూటర్‌కు దొరకనిది మాకు ఒక్క చాయ్‌కు దొరికె," అన్నాడు ఈదయ్య.

కమలాబాయి గ్లాసులు తీస్తూ అంది. "ఎందుకు దొరకది? మాట బయటపడితేనే గద, మార్చనీకి బిడ్డ మళ్ల ఫోన్ చేస్తది."

సత్తయ్య చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"రేపు ఎన్ని గంటలకు చేస్తదో అడగకపోతి," అన్నాడు.