రెండో గొంతు

వాచర్‌గారు అడవిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజుకి పది మాటలు కూడా మాట్లాడి ఉండరు. చెట్లతో ఏం మాట్లాడతారు? అప్పుడు మిగిలిపోయిన మాటలన్నీ రిటైరయ్యాక, భార్య పోయాక, ఇక్కడికొచ్చి మా మీద కుమ్మరిస్తున్నారని టీ కొట్టు అక్క అంటుంది. ఆవిడ టీ గురించి చెప్పాలంటే వేరే కూర్చోవాలి. ఇప్పుడొద్దు.

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చింది. బల్ల మీద ఆయన, పక్క షెడ్డు మెకానిక్కు, కొండ కింద గొర్రెలు మేపుకునే కాపరి కూర్చున్నారు.

"నలభై ఏళ్ళ తర్వాత మన కొండకి తోడేలు తిరిగొచ్చిందని ముందు కనిపెట్టింది ఎవరు? నేను," అని మొదలుపెట్టారు వాచర్‌గారు.

ఇంతవరకు నిజమే. బురదలో అడుగు చూసి కుక్కది కాదని తేల్చింది ఆయనే. కానీ నిజం దగ్గరే ఆగిపోతే గ్లాసు ఖాళీ కాకుండానే జనం లేచిపోతారు.

"అడుగు చూసి తలెత్తానా, ఎదురుగా అదే. దూడంత ఉంది. నేను రెప్ప వెయ్యలేదు, అదీ వెయ్యలేదు. ఎంతసేపో తెలుసా?"

"పావుగంట," అన్నాడు మెకానిక్కు.

"మధ్యాహ్నం దాకా. చివరికి దానికే సిగ్గేసి తల దించుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వెనకే నడిచొచ్చింది. నేను ఆగితే ఆగేది, నేను తుమ్మితే..."

"నూరేళ్ళు అనేదా బాబాయ్?"

"నవ్వకు. మర్నాడు కొండ మీద టిఫిను డబ్బా మర్చిపోతే, నోట కరుచుకుని మా గుమ్మంలో పెట్టింది."

"లోపలున్నది తినకుండానే?" అంది అక్క.

"ఎలా తింటుందమ్మా, నా వంట వాసన చూసిందిగా."

అందరూ నవ్వారు. ఆ నవ్వు చాలు ఆయనకి, ఇంటికెళ్ళి తాళం తీసే దాకా చెవుల్లో ఉంటుంది.

"గొర్రెల జోలికి పోకని దానికి పాఠం కూడా చెప్పాను."

"మొన్న నావి రెండు పోయాయి మామా," అన్నాడు కాపరి.

"అవి పాఠానికి ముందువి. సరే, ఒంటి బతుకూ ఒక బతుకేనా అని నేనే దానికి సంబంధం చూశాను. మూడు కొండలకవతల ఒక ఆడది ఉందని నక్క కబురు తెచ్చింది. నక్క మాట నమ్మకూడదని స్వయంగా వెళ్ళాను. నడిచి కాదు, దాని వీపెక్కి. వాగు పొంగుతోంది, ఒక్క గెంతు గెంతింది, మబ్బు తడి చెంపకి తగిలింది. అటు పక్క ఇరవై తోడేళ్ళు బారులు తీరి నిలబడ్డాయి, మనం మగపెళ్ళివాళ్ళం కదా. పిల్ల నిదానస్తురాలు. మాటలయ్యాయి, ఒప్పించాను, తెచ్చాను. ఇప్పుడు పొద్దు వాలితే కొండ మీద రెండు గొంతులు వినిపించట్లేదూ? తోడేళ్ళని లెక్కపెట్టడానికొచ్చిన ఫారెస్టు సర్వేవాళ్ళకి గొంతులే లెక్క. విన్నారు, జంట అని రాసుకుపోయారు. ఆ జంటని కలిపింది ఎవరు?"

కాపరి గ్లాసు కింద పెట్టాడు.

"ఆ రెండో గొంతు నీదే కదా మామా."

కాపరి ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు.

"నెలన్నరగా వింటున్నా. అది అరుస్తుంది, కాసేపటికి నీళ్ళ ట్యాంకు పక్కనుంచి ఇంకోటి అందుకుంటుంది. మధ్యలో దగ్గు. తోడేలుకి దగ్గేమిటా అని చెట్టెక్కి చూస్తే, మఫ్లరు చుట్టుకుని నువ్వు."

మెకానిక్కు ఫక్కుమన్నాడు. కాపరి మొహం చూసి ఆపేశాడు.

"నవ్వడానికి చెప్పట్లేదు. ఇక్కడ వదలడానికి ఫారెస్టువాళ్ళు ఒక ఆడ తోడేల్ని సిద్ధం చేశారట. సర్వే అమ్మాయి చెప్పింది. మనకి జంట ఉందని రాసుకున్నారుగా, అందుకని ఎల్లుండి వేరే కొండకి పంపేస్తున్నారు. ఒంటిది జింకని పడగొట్టలేదు మామా, అందుకే మా మందల మీద పడుతోంది. నేను ఓపిక పడతా. మిగతావాళ్ళు మాంసంలో పురుగుల మందు కలపడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

వాచర్‌గారు కొండ వైపు చూశారు. మొదటిరోజు అది అరిస్తే బదులు లేదు. ఎవరో ఒకరు పలకాలి కదా అనిపించి పలికారు, అంతే. అది ఊరుకోలేదు, మళ్ళీ అడిగింది. ఇంట్లో ఆయన్ని ఏదైనా అడిగేవాళ్ళు లేక రెండేళ్ళయింది.

"రేపు పొద్దున్నే ఫారెస్టు ఆఫీసుకెళ్తాను," అన్నారు చివరికి. "నా మాట నమ్ముతారంటావా?"

"ఇన్నాళ్ళు కోసిన కోతలకి ఎవరు నమ్ముతారు అన్నయ్యా," అంది అక్క మెల్లగా. "వాళ్ళ ముందే ఒకసారి అరిచి చూపించు."

అప్పుడే కొండ మీంచి పొడుగ్గా, సన్నగా వినిపించింది. ముగ్గురూ ఆయన వైపు చూశారు. ఆయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

అది కాసేపు ఆగింది. మళ్ళీ పిలిచింది.