కుట్టులో వదిలిన బట్ట

1962 జూన్ నాలుగవ తేదీన, బెల్లంపల్లి నుండి ఒక్క కుట్టుమిషనుతో గోదావరిఖని చేరుకున్న గౌరవనీయులు దయాసాగర్ గారు, గని కార్మికుల క్వార్టర్ల పక్కన రేకుల కింద సూటుకోట్ల దుకాణం ప్రారంభించారు. అంతకుముందు మన పెళ్లికొడుకులు కోటు కోసం మంచిర్యాలకు పోవలసి వచ్చేది.

ఏ కోటుకైనా కుట్టు లోపల రెండు వేళ్ల బట్ట అదనంగా వదలడం వారి నియమం. రెండేళ్ల క్రితం నేను గుండీలు కుట్టే పనిలో చేరిన రోజే, "మనిషి గిట్లనే ఉండడు బిడ్డా, ఒళ్లు చేస్తడు. విప్పి కుడితె మళ్ల సరిపోవాలె" అని నేర్పారు.

1971 వేసవిలో మా అక్క సుసన్నాకు సామ్యేల్ బావగారితో వివాహం నిశ్చయమైంది. బావగారు ఉండే కార్మికుల క్వార్టర్ల లైనుకు నల్లా లేదు. ఆడవాళ్లు గోదావరి దాకా నడిచి నీళ్లు మోసేవారు. అక్కకూ అదే బతుకని మా అమ్మ కన్నీరు పెట్టుకునేది. ఆ లైను తరఫున దయాసాగర్ గారు ఏడాదిగా అర్జీలిస్తూ వచ్చారు. చివరికి గని అధికారి మాట్లాడడానికి పిలిచిన రోజు, సరిగ్గా పెళ్లికి ముందురోజైంది. ఆఫీసుకు బయలుదేరుతూ దయాసాగర్ గారు దుకాణం మూస్తుండగా బావగారు పరుగున వచ్చారు.

"కాకా, రేపు పెండ్లి! కోటుకు ఒక్క చెయ్యే ఉన్నది!"

"పెండ్లి ఒక్కపూటనే కదరా. ఎల్లుండి సుసన్న నీళ్లకు యాడికి పోతది? అదే తొడుక్కొని నడువు."

దారాలు వేలాడే ఒంటిచేతి కోటుతో బావగారు ఆఫీసులో నిలబడ్డారు. లైనులో పెద్దదైన ఐలవ్వ ముందుకొచ్చింది.

"సారూ, నీళ్లు లేవని పెండ్లిపిల్ల తల్లి ఏడుస్తున్నది. ఈ పిలగాడు సగం కోటుతోనే ఉరికొచ్చిండు. సూడుండ్రి!"

అధికారి నవ్వు ఆపుకోలేకపోయారు. మరుసటి నెల నల్లా వచ్చింది. కోటు రెండో చెయ్యి మాత్రం మర్నాడు పెళ్లికి చర్చి గంట మోగేలోపే పూర్తయింది. మొన్న క్రిస్మస్‌కు బావగారు అదే కోటును విప్పించి, వెడల్పు చేయించుకున్నారు.

చూపు మందగించినందువల్ల దయాసాగర్ గారు ఈ నెల కత్తెరను మా దుకాణంలోనే కుట్టే రాజం అన్నకు అప్పగించి విశ్రాంతి తీసుకుంటున్నారు. పదహారేళ్లు ఊరందరికీ కోట్లు కుట్టి, తమకంటూ ఒక్కటీ కుట్టుకోలేదు. అందుకే దుకాణంలోని మేమందరం కలిసి వారికొక కోటు కుట్టాము. వారు బాగా చిక్కిపోయారు కనుక లోపల నాలుగు వేళ్ల బట్ట వదిలించాను. ఇకనైనా వేళకు తిని, కంటినిండా నిద్రపోయి, ఒళ్లు చేసి, ఆ కుట్టు విప్పించుకోవడానికి వారు ఏటేటా మా దుకాణం మెట్లెక్కాలని, అలా నిండు నూరేళ్లు ఎక్కే ఆరోగ్యం ప్రభువు వారికి అనుగ్రహించాలని ప్రార్థిస్తున్నాను.

సత్యవతి