ఐదో రోజు చద్దన్నం

"పన్ను పీకించుకోవటం ఏపాటి పనయ్యా, ఎవడైనా పీకించుకుంటాడు. పీకించుకున్నాక తట్టుకోవాలి చూడు, అదీ పని!" అన్నాడు యలమంద, టీగ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి.

పొయ్యి ముందున్న మదార్‌బీ తల తిప్పకుండానే, మొదలెట్టాడు, అనుకుంది.

మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసిన రోజులవి. సాయంత్రం అయిదయ్యేసరికి కూలీలు తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ రోడ్డు పక్కనున్న ఆమె టీకొట్టుకి చేరతారు. యలమంద వాళ్ళకంటే ముందే వచ్చి బల్ల చివర కూర్చుంటాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ కోతలరాయుడని పేరున్న మనిషి. పోయినేడు ఇదే కాలంలో భార్య గురవమ్మ పోతే, రెండు నెలలు ఆయన నోట మాట రాలేదు. ఎవరైనా పళ్ళెంలో అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే లేదు. ఒకనాడు ఉన్నట్టుండి ఈ బల్ల మీద కూర్చుని ఈ పన్ను కథ ఎత్తుకున్నాడు. దాంతోపాటు ఆకలీ వచ్చింది. అడిగి మరీ రెండు బన్నులు తిన్నాడు. ఆ రోజే మదార్‌బీ అందరికీ చెప్పేసింది, "ఆయనేం చెప్పినా ఊఁ కొట్టండి. ఎదురు ప్రశ్న వేసినోడికి నా కొట్లో టీ లేదు" అని.

ఇవాళ మాత్రం కొత్త మనిషి ఒకతను ఉన్నాడు. పేరు సంజీవరావు. పొన్నూరు నుంచి పురుగుమందుల కొట్లో గుమస్తాగా వచ్చి నెల కూడా కాలేదు.

"బ్రాడీపేటలో పన్ను డాక్టరు సూది తీశాడయ్యా. అది లోపల పెట్టండి సార్, మిరప చెట్టు పీకినట్టు పీకెయ్యండి అన్నా. పట్టాడు, లాగాడు. కుర్చీతో సహా నేను లేచా గానీ పన్ను రాలా! మళ్ళీ లాగాడు. ఆయన చొక్కా గుండీలు తెగినయ్యి, పన్ను రాలా. మూడోసారికి వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేరు చూస్తే జానెడు! పత్తి చెట్టు తల్లివేరు కూడా అంతుండదు. డాక్టరు దాన్ని బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టాడు."

"దణ్ణం పెట్టాడా మామా?" అన్నాడు ట్రాక్టరు తోలే మరియదాసు. ఆ మాట ఎక్కడ అడగాలో అతనికి అలవాటైపోయింది.

"పెట్టక ఏం చేస్తాడ్రా! సరే, రెండో రోజుకి బుగ్గ పొంగింది. ఇంతా అంతా కాదు. బస్సెక్కితే కండక్టరు రెండు టిక్కెట్లు కొట్టాడు, నాకొకటి, బుగ్గకొకటి."

"బుగ్గకి అర టిక్కెట్టు కొట్టించుకోవాల్సింది."

"అడగలేదనుకున్నావా? అయిదేళ్ళు దాటినట్టుంది, ఫుల్లే అన్నాడు."

బల్ల మీద వాళ్ళంతా నవ్వారు. సంజీవరావు నవ్వలేదు. టీ తాగటం కూడా ఆపి వింటున్నాడు.

"మూడో రోజు జ్వరం. ఆ రోజే మబ్బేసింది. కాయ తడిస్తే తాలైపోద్దని ఊరంతా గోల. నేను పోయి కళ్ళం నడిమధ్య మంచం వేసుకు పడుకున్నా. నా ఒంటి వేడికి పొద్దుగూకేలోగా పదెకరాల కాయ గలగలలాడుతూ ఎండిందయ్యా! పక్కూరోళ్ళు కూడా బండ్లు కట్టుకొచ్చి నా చుట్టూ ఆరబోసుకున్నారు."

మదార్‌బీ చేతిలో గరిటె ఆగింది. మూడో రోజు మబ్బేసిన మాట నిజమే. ఆ రోజు ఆమె, గురవమ్మ పక్కపక్కన కూర్చుని కాయలకి తొడిమలు తీశారు. గురవమ్మ బుగ్గకి తువ్వాలు కట్టుకుని వచ్చింది. ఇంట్లో పడుకోరాదా వదినా అంటే, పడుకుంటే ధ్యాసంతా నొప్పి మీదికే పోతోందమ్మాయ్ అంది. పొద్దుగూకేదాకా తొడిమలు తీసింది.

"మరి డాక్టరిచ్చిన బిళ్ళలు వాడలేదా అండీ?" అన్నాడు సంజీవరావు.

"బిళ్ళలా! కడుపులో తిప్పుతుంటే అవతల పారేశా. మనకి పొగాకు లేదూ? కనిగిరి వైపు నుంచి తెచ్చిన నాటు పొగాకు, నలిపి ఆ గుంతలో కూరా. భగ్గుమని మండింది. మండితేనే చీము చస్తుంది. ఆ ఘాటుకి చీము బయటికి దూకి పరుగో పరుగు. చీరాల దాకా పోయింది. సముద్రం అడ్డొచ్చింది కాబట్టి అక్కడ ఆగింది. ఇంకేముంది, ఐదో రోజు పొద్దున్నే లేచి, ఉల్లిపాయ కొరుక్కుంటూ చద్దన్నం తిన్నా!"

కథ రోజూ అక్కడే అయిపోతుంది. ఐదో రోజు చద్దన్నం తిన్నానని చెప్పేటప్పుడు యలమంద ఎవరి మొహమూ చూడడు, ఎదురుగా ఉన్న కళ్ళం వైపు చూస్తాడు. గట్టివాడివి మామా, అని మరియదాసు అంటాడు. అందరూ లేస్తారు.

ఇవాళ మరియదాసు నోరు తెరిచేలోపే సంజీవరావు ముందుకు జరిగాడు.

"పొగాకు ఎంత పెట్టాలండీ?"

బల్ల మీద వాళ్ళంతా అతని వైపు తిరిగారు.

"మా ఆవిడ నాగజ్యోతికి మంగళవారం దవడపన్ను పీకించానండీ. బుగ్గంతా పొంగిపోయింది. నిన్నటి నుంచి నోరు సరిగ్గా తెరవలేకపోతోంది. బిళ్ళలు పడటం లేదని తనూ మానేసింది. మీరు చెప్తుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. పోతూ పోతూ పొగాకు కొనుక్కెళ్తాను, ఎంత పెట్టాలో చెప్పండి చాలు."

యలమంద బొటనవేలూ చూపుడువేలూ చిటికెడంత పట్టినట్టు దగ్గరకొచ్చాయి. అక్కడే ఆగిపోయాయి.

పాలు పొంగుతున్నాయి. మదార్‌బీ గిన్నె దించేసి, చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. ఇప్పుడు నోరు విప్పితే ఈ మనిషి మళ్ళీ మూగవాడైపోతాడని ఆమెకి తెలుసు. విప్పకపోతే ఆ పిల్ల ఏమైపోతుందో అదీ తెలుసు.

"అన్నా, నోరు తెరువు," అంది.

"ఏందీ?"

"పన్ను పీకిన చోటు ఈ బాబుకి చూపించు."

యలమంద పెదాలు బిగించాడు.

"ఆయన నోట్లో ముప్పై రెండూ ఉన్నాయి బాబూ," అంది మదార్‌బీ. "పీకించుకుంది మా గురవమ్మ వదిన. బుగ్గ పొంగింది ఆవిడకి, జ్వరమొచ్చింది ఆవిడకి. నన్ను తిట్టుకోమాక అన్నా, ఇక నావల్ల కాదు. ఆ పొగాకు పెట్టుకుంది కూడా ఆవిడే."

"పెట్టుకోలేదు," అన్నాడు యలమంద.

ఆ గొంతు వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. చాలా సన్నగా ఉంది.

"అది పెట్టుకోలా. నేనే పెట్టా, ఈ వేలితో. మిరపకాయలు బస్తాలకెత్తి, చెయ్యి కూడా కడుక్కోకుండా. మండుతోందయ్యా అంది. ఓర్చుకో, మండితేనే చీము చస్తుందన్నా. ఓర్చుకుంది."

మరియదాసు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సంజీవరావు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

యలమంద వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మంగళ, బుధ, బేస్తవారం... ఇవాళ శుక్రవారం. నాలుగే అయినయ్యి." ఒక్క ఉదుటున లేచాడు. "మరియదాసూ, ఎస్టీడీ బూతు కాడ ఆటో ఉందేమో చూడరా! లే నాయనా, ఇంటికి పద. అమ్మాయిని ఎక్కించుకుని బ్రాడీపేట పోదాం. డాక్టరు ఎనిమిదింటి దాకా ఉంటాడు. బిళ్ళలు పడకపోతే వేరేవి రాస్తాడు."

"రాస్తాడంటారా?"

"రాసిచ్చేవాణ్ణిగా యలమందా, ఒక్కసారి తీసుకురాకపోయావా, అన్నాడు నన్ను. అంతా అయిపోయాక పోతే."

ఆటో వచ్చింది. యలమంద ముందెక్కి, చెయ్యిచ్చి సంజీవరావుని లోపలికి లాగాడు. తాగకుండా వదిలేసిన టీ కోసం మదార్‌బీ పిలుస్తున్నా వినిపించుకోలేదు.

"బాబాయిగారూ," అన్నాడు సంజీవరావు భయం భయంగా, "మరి ఐదో రోజు?"

"పొద్దున్నే చద్దన్నం కలిపి తీసుకెళ్ళానయ్యా. ఉల్లిపాయ కూడా కోసి పెట్టా. ఎంత పిలిచినా లేవలా," అన్నాడు యలమంద. "పోనీరా, ఇంకా స్పీడుగా పోనీ!"