రెండు సముద్రాల కొండ మీద పుల్లయ్య

ఆళ్లగడ్డ శిల్పుల వీధి చివర, మాబాషా టీ బంకు దగ్గర ఆ సాయంత్రం పుల్లయ్య నోటికి పట్టపగ్గాలు లేవు. మామూలుగానే ఉండవు. విగ్రహాలను లారీలకెత్తించే మేస్త్రీ ఆయన. ప్రభాకర్ షెడ్డు నుంచి పనామా దేశానికి ఆంజనేయుని విగ్రహం పోతోంది, దాంతోపాటు ఒక మనిషి పోవాలి. తన అల్లుడు హరీష్‌ను పంపాలా, పుల్లయ్యను పంపాలా అని ప్రభాకర్ ఇంకా తేల్చలేదు. పుల్లయ్యకేమో పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టు మీద ఇంతవరకూ ఒక్క ముద్రా పడలేదు. ప్రభాకర్ బెంచీ మీదే కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఇంతకన్నా మంచి అదను ఏముంటుంది?

"పనామాలో చిరికీ జిల్లా నాకు కొత్తనా అప్పా? బెంగుళూరులో పనిచేసేటప్పుడు ఇట్లాంటి స్వామినే ఆడికి తీస్కపోయినా. క్రేను చెడిపోతే నలుగురం తాళ్లేసి దించినాం, అంతే."

ఆ 'అంతే' దగ్గర ఆగి ఉంటే బాగుండేది.

"బొకేటే అని కొండ ఊరు. యాడ జూసినా కాఫీ తోటలు, పూలు, ఎండలోనే సన్న జల్లు, దినామూ ఇంద్రధనుస్సు. ఆ ఊరి పైన బారూ అగ్నిపర్వతం, దాని నెత్తిన గుడి. మన అహోబిలం కొండ దాని మోకాలికి రాదు. ఎక్కుతాంటే లారీ మొరాయించింది. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? తాడు భుజానికేసుకొని నేనే లాగినా!"

"డ్రైవరు ఏం చేస్తాండాడు?" అన్నాడు మాబాషా.

"లోపల నిద్రపోతాండాడు. దావలో వేడినీళ్ల బుగ్గ తగిలితే, దాంట్లో బియ్యం మూట ముంచి అన్నం వండి, లేపి పెట్టినా."

"మరి పప్పు?"

"ఆ నీళ్లకు పప్పు ఉడకదులే. ఇంకా విను. మా హారన్‌కు అగ్నిపర్వతం లేచి పొగ కక్కింది. జనం పరుగో పరుగు. నేను జంకలే. స్వామి పీఠం తీసి దాని నోట్లో బిరడా కొట్టినా. గురక పెట్టి మళ్లీ పండుకునింది."

ప్రభాకర్ మీసాల కింద నవ్వు కదిలింది. పుల్లయ్య కంటికది విమానం టికెట్టే. సంతోషం పట్టలేక గొంతు పెంచాడు.

"అసలుది ఇప్పుడుండాది. ఆ శిఖరం నుంచి ఇటు జూస్తే పసిఫిక్, అటు జూస్తే కరీబియన్. రెండు సముద్రాలూ ఒకేపారి! లారీలో నుంచే స్వామి ఇటు జూసినాడు, అటు జూసినాడు. ఏది దాటాల్నో తెలీక నా దిక్కు కండ్లు తిప్పి, 'పుల్లయ్యా, లంక ఏ పక్క?' అన్నాడు!"

మాబాషా టీ వడకట్టడం ఆపాడు. "పుల్లన్నా, గుళ్లో నిలబెట్టినాక గదా శిల్పి ఉలితో స్వామికి కండ్లు తెరిచేది? లారీలోనే ఎట్ల జూసినాడు?"

బంకంతా గొల్లుమంది. ఈ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. పుల్లయ్య చెవులు వేడెక్కాయి.

"అదే గదప్పా మహిమ!" అన్నాడు గానీ, గొంతు సగానికి పడిపోయింది.

ప్రభాకర్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "పనామాకు హరీష్ పోతాడులే. నువ్వు చెన్నై రేవు దాకా పోయి స్వామిని ఓడ ఎక్కించి రా, పుల్లయ్యా. ఒక సముద్రమన్నా జూసినట్టుంటాది."