ఎర్ర కుళాయి నీళ్ళు

హలో… ఆ, నేనే… నేనేనయ్యా, నోలీన్ వదిననే, ఈ ఫోన్లో ఇంకెవరు మాట్లాడతారు… గట్టిగా చెప్పు జూలియన్, ఫైర్ షెడ్డులో ఉన్నా, ఇక్కడంతా గోలగోలగా ఉంది.

…ఆ, మంటలార్పుతున్నవాళ్ళకి శాండ్‌విచ్‌లు చేస్తున్నాం. నాలుగు ట్రక్కుల జనం, పొద్దున్నుంచీ ఒక్కళ్ళూ ముద్ద ముట్టలేదు… లేదు, ఇంకా ఆరలేదు. కోత కోసిన గోధుమ చేలు వరసగా అంటుకుంటున్నాయి… మన ఇంటికి ఆరేడు కిలోమీటర్లుంటుంది. గాలి కూడా అవతలికే. భయపడకు… భయం కాదా? మరెందుకు చేశావు?

…దిగట్లేదా? ఏది దిగట్లేదు?

…థర్మామీటరా? జ్వరమా నీకు?

…బీరా?

…ఆగు. ఆగాగు. మళ్ళీ చెప్పు. ఇవాళ… ఈ ఎండలో… నువ్వు బీరు కాస్తున్నావా?

…వంటింట్లోనేనా. ఆహా. ఇవాళ బయట పొయ్యి వెలిగించకూడదని తెలుసన్నమాట. అంతవరకు బుర్ర పనిచేసింది. చెప్పు, చెప్పు. రొట్టె కోస్తూ వింటా.

…ఊ… మాల్ట్ గింజల రసం మరిగింది… ఊ… మొదట్లో చేదు కోసం కాసిని హాప్స్ పూలు… ఊ… మిగతావన్నీ చివర్లోనే. పది నిమిషాలుందనగా కొన్ని, అయిదు నిమిషాలుందనగా కొన్ని, పొయ్యి ఆర్పేశాక పెద్ద గుప్పెడు… తెలుసు నాయనా. నువ్వు నిక్కర్లేసుకునే రోజుల నుంచీ ఆ వంటింట్లో పేల్ ఏల్ బీరు కాస్తున్నా నేను. ముందే వేస్తే చేదు మిగులుతుంది, చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది. నాకు పాఠం చెప్పకు. అసలు సంగతికి రా.

…నలభై డిగ్రీలా? నలభై దగ్గరే ఆగిపోయిందా… ఇరవైకి దిగితేగానీ ఈస్ట్ వెయ్యకూడదు, చల్లారడం ఆలస్యమైతే వాసన పోతుంది… అదా నీ గోడు.

ఇంతకీ దేంతో చల్లారుస్తున్నావు?

…రాగి గొట్టం. ఆ చుట్టలు చుట్టుకున్నది, కుండలో ముంచేది. మెల్‌బోర్న్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నావే, అదేనా… మరి అందులోంచి నీళ్ళు పారాలి కదా.

…ఏ నీళ్ళు?

…జూలియన్. ఏ నీళ్ళు?

…ట్యాంకువి.

…కత్తి పక్కన పెట్టానులే, చెప్పు. ఆ ట్యాంకు ఎక్కడుంది మరిదిగారూ? నీడలోనా?… ఎండలో. రేకు ట్యాంకు. బయట నలభై నాలుగు డిగ్రీలు. అందులో నీళ్ళు ఎంత వేడుంటాయి?… ఇప్పుడు చూశావా? ఎంతట?… ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది డిగ్రీల నీళ్ళు పారించి, కుండలో కషాయాన్ని ఇరవైకి దించుతానని కూర్చున్నావు… నువ్వు బళ్ళో చెప్పేది ఫిజిక్సే కదూ?… పిల్లలకి?… జీతం తీసుకుని?

…నవ్వట్లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఎంతసేపటి నుంచి పారుతున్నాయి ఆ నీళ్ళు?

…గంటా?

…గంటన్నర. దిగుతుందేమోనని చూస్తూ… పుస్తకం చదువుకుంటూ. బాగుంది. గొట్టంలోంచి బయటికొచ్చిన నీళ్ళు ఎటు పోతున్నాయి? బకెట్టేమైనా పెట్టావా?… సింకులోకి. సింకులోంచి మట్టిలోకి.

…మేమెలా చేస్తామో చూశావుగా? చూళ్ళేదా? పొయ్యి మీంచి దించి, సలసలా కాగుతున్నది కాగుతున్నట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోస్తాం. గాలి లేకుండా నొక్కి మూత బిగిస్తాం. వెనక వరండాలో పెట్టి మర్చిపోతాం. తెల్లారేసరికి అదే చల్లారుతుంది. చుక్క నీళ్ళు ఖర్చుకావు. చివర్లో వెయ్యాల్సిన హాప్స్ ఆ డబ్బాలోనే వేస్తాం. ఈ మాలీ మెట్టప్రాంతంలో ఏ ఇంట్లో చూసినా అంతే… నవ్వావు. నాకు గుర్తుంది. భోజనం దగ్గర, మా ఆయన క్లైవ్ ముందే నవ్వావు. 'రాత్రంతా వేడిలో ఉంటే వాసన ఉడికిపోతుంది వదినా, ఇంక చేదు తప్ప ఏముంటుంది' అన్నావు. పాపం ఆయన నీ ముందే ఆ బీరు తాగుతున్నాడు.

…ఉడికితే ఉడకనియ్యి! సరైన వాన చూసి పద్నాలుగు నెలలైంది. స్నానం చేసిన నీళ్ళు బకెట్లో పట్టుకుంటున్నాం. బట్టలుతికిన నీళ్ళు నిమ్మచెట్టుకి మోస్తున్నాం. మోసేది ఎవరు? నీ పెళ్ళాం. నువ్వేమో వాసన కోసం…

…ఆ చప్పుడేంటి? గురగురమంటోంది… పంపా? కట్టెయ్. ముందు కట్టెయ్, గాలి పీలుస్తోంది, కాలిపోతుంది. పో.

…

…ఆ. ఆగిందా. సరే. ఇంటికి నీళ్ళిచ్చే పై కుళాయి దాకా ఖాళీ అయిందన్నమాట. పోనీ, దాని కింద ఇంకా నడుం లోతు…

…ఏంటి?

…పైది ఎప్పుడో ఆగిపోయిందా? మరి ఇంతసేపూ నీళ్ళెక్కడివి?

…

…పంపు పైపు ఊడదీసి కిందదానికి తగిలించావు. నువ్వే. సొంతంగా. ఆర్నెల్లయింది పెళ్ళయి, ఇంట్లో బల్బు మార్చిన పాపాన పోలేదు. ఇవాళ పైపులు మార్చావు.

…ఎర్ర కుళాయి జూలియన్. అది ఎర్రగా ఎందుకుందనుకున్నావు? అందానికా? పైన క్లైవ్ ఇంతింత అక్షరాలతో రాశాడు కదా, 'మంటలకి మాత్రమే' అని… చదివావా?… చదివే తిప్పావా?

…'ఇక్కడ మంటలేం లేవు కదా' అనుకున్నావు. సగం ఊరు మొహాలకి తడిగుడ్డలు కట్టుకుని మంటలార్పడానికి పోతే, నువ్వు ఎర్ర కుళాయి ముందు నిలబడి, ఇక్కడేం లేవు కదా అనుకున్నావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

…ఎవరి కోసం?

…వాళ్ళ కోసమా? అలిసిపోయి వస్తారు, చల్లటి బీరు ఇద్దామని… అది తాగడానికి మూడు వారాలు పడుతుందయ్యా! వాళ్ళొచ్చేది ఇవాళ!… అదీ తెలుసా. తెలిసీ… ఊ… ఊ… ఒక్కడివీ కూర్చోలేకపోయావు. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. 

చూడు, ఉబ్బసం ఉన్నవాణ్ణి ట్రక్కెక్కించుకోరు. అందుకు నిన్నెవరూ ఒక్క మాటన్లేదు. నేను కూడా అన్లేదు. ఇంట్లో ఊరికే కూర్చోమన్నాం, అంతే. ఊరికే కూర్చోవడం కూడా చేతకాలేదు నీకు.

…ఆగు. రేడియో పిలుస్తోంది. ఫోన్ పెట్టకు, నీతో అవలేదు నాకు.

ఆ, షెడ్డు వింటోంది. చెప్పు క్లైవ్… ఊ… గాలి తిరిగిందా?… రోడ్డు దాటేసిందా… ఊ… షుల్జ్ వాళ్ళ ఇంటి వైపు… మీ ట్రక్కు ఖాళీయా? ఎక్కడ నింపుకుంటారు?

…

…మన ట్యాంకులోనా.

…ఆ… ఆ, దగ్గర అదే, నిజమే… ఒక్క నిమిషం క్లైవ్. బండి ఆపుకుని ఉండు. ఇప్పుడే పిలుస్తా.

జూలియన్, విన్నావా?… సరిగా వినపడలేదా, అయితే నేను చెప్తా విను. రెండో ట్రక్కు. నడిపేది క్లైవ్. వెనక హోసు పట్టుకున్నది నా చెల్లెలు, నీ పెళ్ళాం బ్రోనీ. నీళ్ళయిపోయాయి. మంట షుల్జ్ వాళ్ళ ఇంటి మీదకి పోతోంది. నింపుకోడానికి మన ఇంటికొస్తామంటున్నారు. ఆ ఎర్ర కుళాయి నీళ్ళ కోసం.

…ఏడుపు తర్వాత. పెరట్లోకి పో. ఫోన్ పట్టుకునే పో… వెళ్ళావా? ట్యాంకుని వేళ్ళతో తట్టు. పైనుంచి కిందికి తట్టుకుంటూ రా. నీళ్ళున్న చోట చప్పుడు మొద్దుగా మారుతుంది… డొల్ల… ఇంకా కిందికి… వంగు. నడుం విరిగిపోదు, వంగు… అక్కడా?

…అడుగుదాకా డొల్లే.

…ఏంటి? కుండలో ఇరవై మూడు లీటర్లుందా? అదిస్తావా? ఫైర్ ట్రక్కులో బీరు పోస్తావా జూలియన్? మూడు వేల లీటర్లు పట్టే బండికి ఒక కుండెడు కషాయం?… నోర్మూసుకో. కాసేపు నోర్మూసుకుని ఉండు. నన్ను ఆలోచించుకోనియ్యి.

…రైలు కట్ట అవతల కుంట ఉంది. పదిహేను కిలోమీటర్లు. ఇప్పుడు గాలి తిరిగిందిగా, ఆ దారంతా పొగే. చుక్క నీళ్ళు లేని బండితో ఆ పొగలోంచి పోవాలి వాళ్ళు… అవును, బ్రోనీ కూడా. దాన్నెక్కడ దింపుతారు, నడిమధ్యలో?

…ఈ మాట రేడియోలో చెప్పాలి నేను. నాలుగు ట్రక్కులూ వింటాయి. పక్క ఊళ్ళ షెడ్లూ వింటాయి… ఏంటి? ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యమంటావా? ఇప్పుడొచ్చిందా పౌరుషం?… ఫోన్ చెవి దగ్గరే పెట్టుకో. ఒక్క ముక్క మాట్లాడకు.

క్లైవ్, నోలీన్‌ని. ఇంటికి పోవద్దు. మళ్ళీ చెప్తున్నా, ఇంటికి పోవద్దు. అక్కడ నీళ్ళు లేవు. రైలు కట్ట కుంటకి పొండి… తెలుసు. పొగ ఉందని తెలుసు… లేదు క్లైవ్, చుక్క లేదు… ఖాయంగా… ఎందుకా?

…

…అడుగున తుప్పు పట్టింది. ఎప్పుడు కారిపోయిందో ఏమో… ఆ. నేనే చూసుకోలేదు. నెలనెలా చూడాల్సింది నేనే కదా. తప్పు నాదే… తర్వాత తిట్టుదువుగానీ. బండి తిప్పు.

…ఎవరు? బ్రోనీనా? చెప్పవే… జూలియనా? ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడే మాట్లాడా… లేదు, ఇంటిదాకా పొగ రాలేదు… బాగానే ఊపిరి తీస్తున్నాడు… పీల్చే మందు జేబులోనే ఉందిట… ఆ, కిటికీలు మూసుకోమంటా. చెప్తానే. నువ్వు వెనక కాదు, క్లైవ్ పక్కనే ఎక్కి, అద్దాలెత్తుకుని, దుప్పటి కప్పుకుని, తల దించుకుని కూర్చో. లేవకు. లేవనని చెప్పు… ఆ. జాగ్రత్తే. జాగ్రత్త నాన్నా.

…

…ఉన్నావా?

…విన్నావుగా. ఖాళీ ట్రక్కులో పొగలోకి పోతూ, అది అడిగింది నీ ఊపిరి గురించి.

…వద్దు. నాకు థాంక్స్ చెప్పకు. జాలిపడి అబద్ధమాడాననుకుంటున్నావేమో, నీ మొహం చూసి నేను గుక్కెడు మంచినీళ్ళు కూడా ఇవ్వను ఇవాళ. దానికిప్పుడు ప్రాణం కాపాడుకోవడమే పని. మొగుడి మీద మండిపడే తీరిక లేదు. అది ఇంటికొచ్చాక నువ్వే చెప్పుకో. నీ నోటితో, దాని ఎదురుగా నిలబడి. క్లైవ్‌కీ నువ్వే చెప్పు… అది క్షమిస్తుందో లేదో నాకేం తెలుసు? నేనైతే క్షమించను.

…జూలియన్. జూలియన్, ఏడవకు. ఏడిస్తే ఊపిరాడదు నీకు. మందు పీల్చు… ఆ. ఇంకోసారి… ఊ. నెమ్మదిగా.

…ఏం చెయ్యాలా? ఏమీ లేదు. కిటికీలు మూసి, బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చో… ఎంతసేపంటే, వచ్చేదాకా. ఈ షెడ్డులో ఆడవాళ్ళందరం పొద్దున్నుంచీ చేస్తున్న పని అదే. ఏళ్ళ తరబడి చేస్తున్నాం. ఇవాళ నీకూ వచ్చింది, నేర్చుకో.

…లేదు, నీతో లైన్లో ఉండను. రేడియో దగ్గరుండాలి నేను… వాళ్ళు పొగ దాటగానే ఫోన్ చేస్తా. మాటిస్తున్నా కదా, చేస్తా.

…దాటకపోతేనా?

…

…పెట్టెయ్ జూలియన్. పెట్టెయ్.