వంగపండు రంగు

2008. హిందూపురంలో ఇలియాస్ నడిపే ల్యాప్‌టాప్‌ల అంగడి. ధర్మవరం నేతగాడు ముత్యాలప్ప, ఇంటర్ ముగించిన అతని కూతురు ఈశ్వరి బల్ల ముందు నిలబడి ఉన్నారు.

“ఇది కూడా వద్దు.”

“నాయనా! ఇది కూడానా?”

“వద్దంటే వద్దు. ఆ చీర అంచు చూడు, బూడిద పూసినట్లుండాది. ఇలియాసూ, ఇంకోటి తెరువప్పా.”

“ఎన్నని తెరిచేది ముత్యాలప్పన్నా? పాప పెన్‌డ్రైవులో తెచ్చిన ఫోటో అన్నిట్లోనూ ఏసి చూపిస్తి. స్పీడెంత, మెమరీ ఎంత అని అడిగేవాళ్లను చూసినా గానీ, చీర ఫోటో పెట్టి రంగు చూసి కొనేవాళ్లను ఇప్పుడే చూస్తాండా.”

“నేసేవాళ్లం అప్పా. రంగు తప్పితే దాంతో మాకేం పని?”

“నాకు బాగనే కనపడతాండాది నాయనా. అంచు వంగపండు రంగే.”

“నీకేం తెలుసు?”

“పక్కనుంచి చూస్తే ఈ తెరల్లో రంగు మారిపోతాదన్నా. ఇట్ల రా, ఎదురుగా నిలబడి చూడు.”

“ఎదురుగానే ఉండా.”

“ఇప్పుడు?”

“ఊహూ.”

“నాయనా, రేపు పొద్దున మనకు నేత పనిచ్చే సావుకారికి నేను గీసిన చీర డిజైను చూపించల్ల. ల్యాప్‌టాప్ లేకుండా పోతే ఆ పని బెంగళూర్లో డిజైన్లు గీసే ఆయప్పకు ఇచ్చేస్తానన్న్యాడు. నీ ముందరే అన్న్యాడు కదా.”

“అన్న్యాడు.”

“మరి?”

“మరి ఏంది? చూస్తాండా కదా. తొందరపెట్టొద్దు.”

“నీకు కొనే మనసు లేదు. అది చెప్పు. ఆడపిల్ల కంప్యూటర్లో గీస్తే మగ్గం మింద కూచున్నోళ్ల మర్యాద ఏం గావల్ల అని చిన్నాయన అన్న్యాడే, అదే నీ తలకాయలో తిరుగుతాండాది.”

“ఈశ్వరీ! అంగట్లో నోరు లేపొద్దు.”

“టీ చెప్పేదా అన్నా?”

“వద్దప్పా.”

“సరే, నోరు లేపను. సరిచూసేదానికని సంచిలో పట్టుదారం చుట్టిన కండెలు తెచ్చినావు కదా. వంగపండు కండె తీయి, తెర పక్కన పెడదాం. కలవకపోతే పోదాం పా అని నేనే అంటా.”

“కండె ఎందుకు? ఎన్నేండ్లు నేసింటి ఆ రంగు!”

“తీయి నాయనా.”

“చెప్తే ఇనవు నువ్వు. ఇదో.”

“అన్నా, అది పచ్చ కదా?”

“చిలకపచ్చ. నాయనా, ఇది చిలకపచ్చ.”

“తొందర్లో చేతికొచ్చింది తీసినా. సంచిలో అన్ని రంగులూ ఉండాయి.”

“అయితే వంగపండుది తీయి.”

“తీస్తా.”

“తీయి మరి. సంచిలోకి చూస్తా అట్లే ఉండావేంది?”

“నువ్వే తీయమ్మా.”

“నాయనా?”

“నువ్వే తీయి.”

“రంగులు తెలీడంల్యా నీకు? ఎప్పట్నుంచి?”

“ఉగాదికి ముందునుంచి. కంటి నరం ఎండిపోతాండాదంట. మందులేస్తే ఉండేది నిలబడతాది, పోయింది రాదన్న్యాడు డాక్టరు.”

“మరి మగ్గం? నిన్న కూడా నేస్తివే! ఒక్క రంగు తప్పలేదే!”

“మీ అమ్మ కండెలు రంగుల వరసలో పెట్టి ఇస్తాది. ఆ వరస పట్టుకొని నేస్తాండా. సావుకారికి తెలిస్తే నన్ను మగ్గం మిందనుంచి దింపేస్తాడు. నీకు కూడా చెప్పొద్దనుకుంటిమి.”

“అందుకేనా అన్నీ వద్దంటివి? ఏదీ కొనకుండా నన్ను ఇంటికి తోడుకోని పోదామని?”

“అట్ల కాదు. కొనేదే. మొదట చూసింది నీకు నచ్చింది కదా, అదే తీసుకో. ఇలియాసూ, కట్టియ్యప్పా.”

“మరెందుకు నాయనా, వద్దు వద్దని ఇన్ని తెరిపిస్తివి?”

“ఏదో ఒకదాంట్లోనన్నా నాకు వంగపండు కనపడతాదేమోనని.”