మొదటి పాఠం

కింది వాటాలో నడుము దెబ్బతిని మంచం పట్టిన ముసలి దర్జీకి, పై వాటాలో ఒంటరిగా ఉండే నర్సు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కాలిగోళ్ళు తీస్తుంది. ఆ రోజు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మా, ఏడ్చావా?"

"చర్చి మిషన్ వాళ్ళ ఉత్తరం వచ్చింది బాబాయ్. యాభై దాటినవాళ్ళని దూరదేశాల సేవకి పంపరట."

"పదకొండేళ్ళ నుంచి పెట్టె సర్దుకుని కూర్చున్నావు కదే! పోనీలే, ఆ బట్టలైనా తీసి కట్టుకో."

"నవ్వకండి. నేను వెళ్దామనుకున్న దేశంలోని కొండవాళ్ళ భాష కూడా నేర్చుకున్నాను. ఒక్కరితోనైనా మాట్లాడకుండానే అయిపోయింది. కాలు కదపకండి, తెగుతుంది."

"మొదటి పాఠంలో మొదటి మాట నాకూ నోటికొచ్చు. పైనుంచి రోజూ వినపడేదిగా. అప్పజెప్పమంటావా?"

ఆయన ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పాడు. ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది.

"అర్థమే తెలీదు. ఏంటమ్మా అది?"

"'మీ పక్కన ఉండటానికి వచ్చాను. మీకేం కావాలి?' అని."

"ఎంత చక్కటి మాట! నన్నెప్పుడూ అడగలేదే?"

"మిమ్మల్నా? మీరు రోజూ కనిపించే మనిషేగా బాబాయ్."

"అయితే ఇప్పుడడుగు."

"మీకేం కావాలి?"

"గోళ్ళు తీయగానే చదువుకోవాలంటూ మెట్లెక్కేసేదానివి. ఇవాళ చదువు లేదుగా. కాసేపు కూర్చో."